తరచుగా అడిగే ప్రశ్నలు: సరిహద్దు జిల్లాల కట్టడాలు, మా ట్రస్టు చేసే పని

మీ ట్రస్టు అసలు చేసే పని ఏమిటి?

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా జిల్లాలు గంజాం, గజపతి, రాయగడలలో గుడులు, జమీందారీ మేడలు, నేతగాళ్ళ ఇళ్ళు, మొన్నమొన్న పోసిన కాంక్రీటు భవనాలు అన్నీ ఉన్నాయి. వాటి మధ్య రోజూ తిరిగే జనం ఒక్కసారి ఆగి చూసేలా, చూసినదాన్ని అర్థం చేసుకునేలా చేయడమే మా పని. ఇందుకోసం వీధి నడకలు, బడి పిల్లలకు తరగతులు, చిన్న ప్రదర్శనలు ఏర్పాటు చేస్తాము. యజమానులు ఒప్పుకున్న ఇళ్ళకు కొలతలు తీసి పటాలు గీస్తాము. తాపీ మేస్త్రీలు, వడ్రంగులు చెప్పే సంగతులను రాసిపెడతాము. లాభాపేక్ష లేని ట్రస్టు మాది.

ఒక పాత కట్టడం ఉంటుందా పోతుందా అన్నది మన ప్రాంతంలో చాలావరకు ఆ ఇంటి అన్నదమ్ములు, వారు పిలిపించిన మేస్త్రి కలిసి ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని తేల్చేస్తారు. ప్రభుత్వం దాకా ఆ మాట వెళ్ళదు. కాబట్టి ఆ సాయంత్రానికి ముందే, తమ చేతిలో ఉన్నదేమిటో వారికి తెలిసి ఉండాలని మా కోరిక. తెలిశాక కూలదోయాలనే నిర్ణయించుకుంటే అది వారి ఇష్టం.

మీరు వాస్తు చూస్తారా?

చూడము. ఫోను చేసేవారిలో చాలామంది మొదట అడిగేది ఇదే కనుక దాపరికం లేకుండా చెబుతున్నాము. బావి ఏ మూల ఉండాలి, వంటిల్లు ఎటు ఉండాలి అన్నది ఆయా కుటుంబాల నమ్మకానికి సంబంధించిన విషయం. దానిమీద మేము ఏ అభిప్రాయమూ చెప్పము. ఇంట్లోకి గాలి ఎటునుంచి వస్తోంది, వాననీరు ఎటు పోతోంది అని అడిగితే మాత్రం గంటసేపైనా మాట్లాడతాము.

ఇంటి ప్లాను గీసిస్తారా? మరమ్మతులు చేయిస్తారా?

రెండూ చేయము. ప్లానుకు, భవనం బలం పరీక్షకు అర్హత ఉన్న ఆర్కిటెక్టును, ఇంజనీరును సంప్రదించాలి. ఆర్కిటెక్టు అన్న హోదాను 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద పేరు నమోదు చేయించుకున్నవారే వాడుకోవాలి కాబట్టి, నమోదు ఉందో లేదో అడిగి తెలుసుకోవడంలో మొహమాటపడనక్కరలేదు.

తెలుగువాళ్ళ సంస్థ ఒడిశా జిల్లాల్లో ఎందుకు పనిచేస్తోంది?

మేము ఇక్కడివాళ్ళమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1992లో గంజాం నుంచి విడదీసి ఏర్పరచిన గజపతి జిల్లాకు కేంద్రం పర్లాకిమిడి. ఒడిశా తొలి ప్రధానమంత్రిగా (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా పిలిచేవారు) 1937లో పదవి చేపట్టిన కృష్ణచంద్ర గజపతి ఆ ఊరి సంస్థానాధీశుడే. తెలుగువారి వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిందీ ఆ ఊళ్ళోనే. శాసనాలు చదవడం పంతులు గారు సొంతంగా నేర్చుకుని, వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగమే తూర్పు గాంగ వంశపు రాజుల పాత రాజధాని కళింగనగరమని వాదించారు. ఒక కట్టడాన్ని శ్రద్ధగా చదివితే ఒక రాజ్యం చరిత్రే బయటపడుతుందని చెప్పడానికి మేము ఈ ఉదాహరణనే చూపిస్తాము.

రాళ్ళు మాత్రం సరిహద్దును పట్టించుకోలేదు. శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగంలో మధుకేశ్వరాలయం, భీమేశ్వరాలయం, సోమేశ్వరాలయం ఉన్నాయి. ఇటు గజపతి జిల్లాలోని మహేంద్రగిరి మీద కుంతి, భీమ, యుధిష్ఠిరుల పేర్లతో గుడులు ఉన్నాయి. నేరుగా లేచి పైకి వెళ్ళేకొద్దీ లోపలికి వంగే శిఖరం, దాని నెత్తిన ఉసిరికాయలా గాట్లున్న ఆమలకం, ఈ కళింగ పద్ధతి రెండు వైపులా కనిపిస్తుంది. గాంగులు కొలిచిన గోకర్ణేశ్వరుడు మహేంద్రగిరి మీదివాడు. ఆ వంశపు అనంతవర్మ చోడగంగదేవుడే పన్నెండో శతాబ్దంలో పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్నాడు. పూరీ చూసి వచ్చినవారు ముఖలింగం వెళ్ళి సోమేశ్వరాలయం ముందు నిలబడితే బాగుంటుంది. దానికి ముందు మండపం లేదు. అడ్డు లేకపోవడంతో గోడ నేల దగ్గర మొదలై శిఖరంగా ఎలా మారుతుందో ఒక్క చూపులో తెలుస్తుంది. పెద్ద గుడుల్లో ఆ మలుపు మండపాల వెనక దాగిపోతుంది.

గుడులు, కోటలు సరే, మామూలు ఇళ్ళలో చూడడానికి ఏముంది?

గుడికి దేవుడున్నాడు, పెద్ద కోటకు పురావస్తు శాఖ ఉంది. వీధిలో వరసగా ఉన్న పెంకుటిళ్ళకు యజమాని తప్ప ఎవరూ లేరు. మేము ఎక్కువ కాలం వెచ్చించేది వీటి మీదే.

గంజాం పల్లెల్లోనూ ఇచ్ఛాపురం వైపునా పాత వీధి ఇల్లు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ముఖం సన్నగా ఉంటుంది, లోతు మాత్రం వీధి నుంచి పెరటి దాకా సాగుతుంది. ముందు అరుగు, దానిమీద పంచ, లోపల సావిడి, ఒకదాని వెనక ఒకటిగా గదులు, నడుమ వెలుతురు కోసం విడిచిన చిన్న వాకిలి, వెనక వంటిల్లు, పెరడు, నుయ్యి. రెండు పక్కలా కిటికీలు ఉండవు, ఎందుకంటే ఆ గోడలు పక్కింటివారితో ఉమ్మడివి. ఎండ పడే గోడలు తక్కువ కనుక ఇల్లు చల్లగా ఉంటుంది. కప్పు నడినెత్తిన ఉండే కొప్పు వీధి వెంట సాగడంతో వాన సగం వీధిలోకి, సగం పెరట్లోకి జారుతుంది. పక్కవాడి గోడ మీద చుక్క పడదు. వీధిగుమ్మం నుంచి పెరటిగుమ్మం దాకా తలుపులన్నీ ఒకే వరసలో పెట్టడం వల్ల మధ్యాహ్నం రెండు తలుపులూ తీస్తే గాలి ఇల్లంతా దాటుకుని పోతుంది.

వరస మధ్యలో ఒక ఇల్లు కూల్చినప్పుడు ఏమవుతుందో చూస్తే ఈ ఏర్పాటు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఇన్నాళ్ళూ ఇంటి లోపల దాగి ఉన్న ఉమ్మడి మట్టిగోడ తొలిసారి వానకు తడుస్తుంది. రెండు కప్పులు కలిసే చోట సందు తెరుచుకుంటుంది. ఆ ఖాళీలో మూడంతస్తుల మేడ లేస్తే దాని మీది నీళ్ళు పక్క పెంకుల మీద పడతాయి, ఆ ఇంటి వాకిలికి వెలుతురు తగ్గుతుంది. రెండు మూడు వానాకాలాలు గడిచాక పక్కింటివారు కూడా, ఇష్టం లేకపోయినా, మేస్త్రిని పిలుస్తారు. వీధి ఇలా ఒక్కొక్క ఇల్లుగా మారిపోవడానికి ఎవరి దుర్బుద్ధీ కారణం కాదు. ఈ ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయన్న సంగతి మొదటి ఇల్లు కూల్చినవారికి ఎవరూ చెప్పలేదు, అంతే.

నడకల్లో ఎక్కడికి తీసుకువెళతారు?

బరంపురంలో నేతగాళ్ళ వీధులకు, పర్లాకిమిడిలో రాజప్రాసాదం చుట్టుపక్కలకు, గోపాలపురం తీరానికి. బరంపురం నడకలో మగ్గం ఉన్న ఇంటి ముందు కాసేపు ఆగుతాము. మగ్గం ఎంత స్థలం అడుగుతుంది, నేసే మనిషికి వెలుతురు ఎటునుంచి రావాలి, పడుగు సాగదీసుకోవడానికి వీధి ఎంత తిన్నగా ఉండాలి అన్న అవసరాలు ఆ ఇళ్ళ కొలతల్లో కనిపిస్తాయి. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి జాతరలో బుడి ఠాకురాణి అమ్మవారికి దేశీ బెహెరా వీధిలో తాత్కాలిక మందిరం లేస్తుంది, ఊళ్ళో పలుచోట్ల పురాణ ఘట్టాలతో రథాలు నిలబెడతారు. జాతర అయిపోగానే విప్పేసే కట్టడాలు ఇవి. నాలుగు వారాలు ఉండే కట్టడం కూడా కట్టడమేనని మా అభిప్రాయం. జాతర ఏడాదిలో వచ్చేవారు వెదుళ్ళు కట్టే రోజుల్లోనే రావాలి, అలంకారం అయ్యాక లోపలి అల్లిక కనపడదు.

గోపాలపురంలో పాత రేవుకట్ట స్తంభాలు, 1871 నాటి దీపస్తంభం చూస్తాము. గంజాం ఊరి దగ్గర పోటగడ కోటకు అడపాదడపా వెళతాము. అశోకుడి శాసనాలున్న జౌగడకు ప్రత్యేక నడక లేదు. అక్కడికి బడి పిల్లలతోనే వెళతాము.

నడకలో కథలు చెప్పేటప్పుడు ఒక నియమం పాటిస్తాము. ఫలానా మేడను ఫలానా దొర గీశాడని ఊళ్ళో చెప్పుకునే మాటలను ఊరి మాటగానే చెబుతాము, కాగితం దొరికినప్పుడే చరిత్రగా చెబుతాము. మద్రాసులో సెనేట్ హౌస్ కట్టిన ఆంగ్లేయ ఆర్కిటెక్టు చిషోమ్ పేరు పర్లాకిమిడి మేడల విషయంలోనూ తరచు వినిపిస్తుంది. ఆ పేరు రాగానే మా కార్యకర్తలు జనాన్ని గుమ్మటాల వైపు, కమానుల వైపు చూడమంటారు. మద్రాసు మేడలతో పోలిక ఉందో లేదో చూసినవారే చెప్పాలి.

మా తాతగారి ఇల్లు పాడయింది. కూల్చి కట్టడమా, బాగుచేయడమా?

ముందు పాడయిందన్నది ఏమిటో చూడండి. చాలా ఇళ్ళలో పాడయ్యేది గోడ కాదు, కప్పు. నాలుగు పెంకులు జారి, అక్కడినుంచి కారిన నీళ్ళకు వాసం చివర మెత్తబడి, దూలం గోడలో కూర్చున్న చోటు పుచ్చిపోతుంది. దూలం నడుమ గట్టిగా ఉండి చివర మాత్రమే పోతే వడ్రంగి ఆ ముక్క కోసి కొత్త కర్ర అతికించగలడు. దూలం చివర మొన ఉన్న ఉలితో గుచ్చి చూడమని చెప్పండి. లోపలికి ఎంత దిగుతుందో దాన్నిబట్టి విషయం తెలుస్తుంది.

రెండోది చెమ్మ. నేలనుంచి మోకాలెత్తు దాకా గోడకు ఉప్పు పట్టి, పైపూత పొరలుగా రాలుతూ ఉంటే, గతంలో ఎవరైనా సిమెంటు పూశారా అని అడగండి. పాత గోడలు మట్టితోనో, గానుగలో ఆడిన సున్నంతోనో కట్టినవి. అవి నేలలోని తేమను పీల్చుకుని, మెల్లగా బయటికి వదిలేస్తాయి. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ ఇంకా పైకి ఎక్కి సిమెంటు అంచు దాటిన చోట బయటపడుతుంది. దాన్ని చూసి యజమాని ఇంకో రెండడుగులు సిమెంటు పూయిస్తాడు. వేలి మెటికలతో గోడను తట్టి చూడండి. డొల్లగా మోగిన చోట సిమెంటు పొర గోడను విడిచిపెట్టేసినట్టే. ఆ పొర తీసేసి, గోడను ఒక వేసవి ఆరనిచ్చి, తిరిగి సున్నపు గార పూయడం దీనికి మందు. గారలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలిపే పద్ధతి తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు కానీ, అడిగితే పెద్దవాళ్ళు చెబుతారు. సున్నం పని నిదానంగా సాగుతుంది, కూలీ ఎక్కువ అవుతుంది. ఈ మాట దాచి సలహా చెప్పడం న్యాయం కాదు.

గోడ నిలువు తప్పి వాలినా, పునాది కుంగి మూలల్లో పైనుంచి కిందిదాకా పగులు వచ్చినా మా మాటలు విని కాలయాపన చేయకండి. వెంటనే ఇంజనీరుకు చూపించండి. కూల్చక తప్పదంటే మమ్మల్ని ఒక్కరోజు ముందు పిలవండి, కొలతలు, ఫోటోలు తీసుకుంటాము. ద్వారబంధాలు, చెక్కిన స్తంభాలు, నాటు పెంకులు పాత కలప కొట్టుకు తూకానికి వేసేముందు, కొత్త ఇంట్లో వాడుకోవచ్చేమో ఆలోచించండి.

తుపానులకు పెంకుటిల్లు ఆగుతుందా? స్లాబే మేలు కదా?

2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను వరదల్లో ముంచింది. ఈ రెండూ చూసినవారికి సరిగా కట్టిన స్లాబు ఇంటి మీద నమ్మకం కలగడం సహజం, ఆ నమ్మకం తప్పు కాదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇంటి అందం గురించి ఆలోచించకుండా ఆశ్రయ భవనానికి వెళ్ళండి.

పాత కట్టుబడిలోనూ తెలివి ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో ఒకప్పుడు విరివిగా ఉన్న చుట్టిల్లు గుండ్రంగా ఉండడం వల్ల గాలికి ఎదురుగా చదును గోడ ఉండదు, గాలి చుట్టుకుని పోతుంది. తాటాకు కప్పు నిటారుగా దిగి దాదాపు నేల దాకా రావడంతో గాలి దూరడానికి చూరు కింద చోటు దొరకదు. చెన్నై దగ్గరి దక్షిణచిత్రలో ఇలాంటి ఇంటిని నిలిపారు. వెళ్ళినవారు లోపల వంగి కూర్చుని చూడాలి. పెంకుటిళ్ళలో పంచ కప్పును ఇంటి కప్పుకు కిందుగా విడిగా దించుతారు. గాలికి పంచ లేచిపోయినా ఇంటి మీది కప్పు మిగులుతుంది. పెంకులు తీసి రేకులు వేయించినవారు వాటిని వాసాలకు గట్టిగా బిగించారో లేదో ఏటా భాద్రపదం లోపల చూసుకోవాలి. ఎగిరిన రేకు వీధిలో ప్రాణాలు తీస్తుంది.

మీ జాబితాలో మా ఇల్లు చేరితే ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుందా?

చేసుకోదు. మా జాబితాకు చట్టబలం లేదు, మీ అనుమతి లేకుండా చిరునామా ప్రకటించము. ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు: 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. మీ ఇల్లు అలాంటి కట్టడం పక్కన ఉంటే ఆ నిబంధన మేము ఉన్నా లేకున్నా వర్తిస్తుంది. ఒక కట్టడాన్ని కొత్తగా రక్షితమని ప్రకటించాలన్నా ముందు నోటీసు ఇచ్చి, అభ్యంతరాలకు రెండు నెలల గడువు ఇవ్వాలి.

సవరల ఇళ్ళ గోడ బొమ్మలు చూపిస్తారా?

ఆ గ్రామస్థులు పిలిస్తేనే వెళతాము. గజపతి, రాయగడ జిల్లాల లాంజియా సవరలు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్, పితృదేవతల కోసం, పూజారి చెప్పిన ప్రకారం వేసే బొమ్మ. దాన్ని గది అలంకారంగా చూడడం, దాని ముందు నిలబడి ఫోటోలు దిగడం మాకు సమ్మతం కాదు. ఇంట్లో వెలిసిన బొమ్మను ఫోటో తీయవద్దంటే తీయము. మార్కెట్లో గుడ్డ మీద, కాగితం మీద వేసి అమ్ముతున్నవి వేరు. లాంజియా సవర చిత్రాలకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) వచ్చింది, వాటిని గీసినవారి దగ్గరే కొనండి. ఇళ్ళ విషయానికొస్తే, కొండవాలు మీద రాళ్ళు పేర్చి లేపిన ఎత్తైన అరుగు ముందు చూడండి. వాననీరు గోడ మొదలును తాకకుండా కాపాడేది అదే.

కొత్త భవనాల మీద మీకు చిన్నచూపా?

లేదు. చంద్రగిరి దగ్గర జిరంగలో 2010లో ప్రారంభమైన టిబెటన్ బౌద్ధ విహారం కాంక్రీటుదే, మేము చూపించే కట్టడాల్లో అదీ ఒకటి. ఒక ఊరి బస్టాండులో నీడ సరిగా పడుతోందా అన్నది కూడా మాకు ఆసక్తి కలిగించే ప్రశ్నే.

కార్యక్రమాలు ఏ భాషలో జరుగుతాయి? ఎవరు చెబుతారు?

తెలుగులోనూ ఒడియాలోనూ జరుగుతాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకునే పిల్లలు ఎక్కువ కనుక, వారికిచ్చే కాగితాల్లో బొమ్మలే ప్రధానం, వివరణ రెండు లిపుల్లో ఉంటుంది. నడకలు నడిపేది శిక్షణ పొందిన ఊరివారే. 1966లో షికాగోలో గ్లెస్నర్ హౌస్ అనే పాత ఇంటిని కూల్చనివ్వకుండా కాపాడుకున్నవారు మొదలుపెట్టిన సంస్థ, సామాన్యులకు తర్ఫీదు ఇచ్చి వారిచేతనే నగరాన్ని చూపించడంలో పేరు తెచ్చుకుంది. అహ్మదాబాదులో 1997 నుంచి పాత నగరపు నడక సాగుతోంది; 2017లో ఆ నగరానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఊరివాడే ఊరిని చూపించాలన్న పద్ధతి మేము ఇలాంటి చోట్ల చూసి నేర్చుకున్నదే. డిగ్రీ అక్కరలేదు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు బాగా చెబుతున్నారు. మేస్త్రీలు ఇంకా బాగా చెబుతారు, కానీ ఆదివారం కూలీ వదులుకుని రావాలి కనుక వారికి రోజు కూలీ ఇస్తాము.

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

విరాళాల నుంచి. రసీదు అడిగి తీసుకోండి. కంపెనీలకు 2013 నాటి కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో చారిత్రక కట్టడాల సంరక్షణ కూడా సామాజిక బాధ్యత ఖర్చు కింద ఉంది కాబట్టి, వ్యాపారస్థులు ఆ మార్గంలో ఇవ్వవచ్చు. శిలాఫలకం మీద దాత పేరు చెక్కించడం మా పద్ధతి కాదు.

మా దగ్గర పాత ఫోటోలు, దస్తావేజులు ఉన్నాయి. ఇవ్వవచ్చా?

అసలు కాగితాలు ఇవ్వకండి, మీ దగ్గరే ఉంచుకోండి. మేము ఇంటికి వచ్చి నకలు తీసుకుంటాము. పెళ్ళి ఫోటోలు అన్నిటికంటే పనికొస్తాయి. వధూవరుల వెనక గుమ్మం, పంచ స్తంభాలు, పందిరి కట్టిన వీధి కనిపిస్తాయి, ఏ సంవత్సరమో ఇంట్లో ఎవరో ఒకరికి గుర్తుంటుంది. ఇంటి పన్ను రసీదులు, పాత క్రయ దస్తావేజుల్లో రాసిన హద్దులు కూడా ఉపయోగపడతాయి. ఫోటోలో ఉన్నవారి పేర్లు పైకి చెప్పవద్దంటే చెప్పము.